కడుపులోని గాలి నిలిచిన తావు

కడుపులో గాలి యుండుట రోగము కాదు. మ్రింగిన గాలి జీర్ణాశయపు పైభాగమున నిలుచుటయు, పెద్దప్రేగులో నక్కడక్కడ వాయువు చేరుటయు ఆరోగ్యవంతులయందును కానవచ్చునదే గనుక, ఎక్స్‌రే ఫిల్మును వెలుతురున కెత్తి చూచు వైద్యుడు నల్లని నీడ కంటబడినంతనే తొందరపడక, ఆ గాలి యే గోడల నడుమ నున్నదో విచారించుటయే ఈ విద్యకు ఓనమాలు.

జీర్ణాశయపు పుండు చిల్లిపడినను, టైఫాయిడ్ ముదిరి చిన్నప్రేగు చివర రంధ్రమేర్పడినను, లోపలి వాయువు ఉదరకుహరములోనికి వెడలి, రోగిని నిటారుగా కూర్చుండబెట్టినచో పైకెగసి, ఉదరవితానము క్రింద నెలవంకవలె నల్లగా నిలుచును. అయితే కూర్చుండబెట్టిన మరుక్షణమే ఫిల్ము తీయరాదు; గాలి పైకి చేరుటకు పది నిమిషములైనను ఓపిక పట్టవలెను. అట్లు పట్టినవారికి ఒక్క మిల్లీలీటరు గాలియైనను చిక్కవచ్చును. కూర్చుండలేని రోగిని ఎడమప్రక్కకు ఒత్తిగిలజేయుదురు. అప్పుడు కాలేయము మీదికి వచ్చును. దానికిని కుడిప్రక్క గోడకును నడుమ చేరిన గాలి, జీర్ణాశయములోని గాలితో కలగాపులగము కాక, విడిగా కనిపించును.

వెల్లకిల పరుండిన రోగి ఫిల్ములో ఈ నెలవంక యుండదు. సాధారణముగా ప్రేగుగోడ లోపలి అంచే మనకు కనబడును; వెలుపలను గాలి చేరినచో గోడ రెండంచులును సన్నని గీతగా తేలును. 1941లో లియో రిగ్లర్ అను వైద్యుడు వర్ణించిన ఈ గుర్తు నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. ఆనుకొనియున్న రెండు ప్రేగుచుట్టలు కూడ ఇట్టి గీతయున్నట్లు భ్రమ కల్పింపగలవు. నెలవంక విషయమునను ఇట్టి భ్రమ కలుగవచ్చును: కాలేయమునకును ఉదరవితానమునకును నడుమ పెద్దప్రేగు దూరిన స్థితిని 1910లో చిలైడిటి అను వైద్యుడు వర్ణించెను. అచ్చట నల్లని నీడలో ప్రేగు మడతలు కనిపించును గనుక, ఆ మడతలను వెదకనివాడు నిష్కారణముగా కడుపు కోయించును! కడుపు కోసి చేసిన శస్త్రచికిత్స పిమ్మట కొన్ని దినములవరకు గాలి మిగిలియుండుటయు సహజమే. రోగిని ఒక్కమాట అడిగిన తీరిపోవు సందేహమది.

నాకు మిక్కిలి రమ్యముగా తోచునది కాలేయములోని గాలిని పోల్చుట. పిత్తము కాలేయమునుండి వెలికి ప్రవహించును గనుక పిత్తనాళములలోని గాలి కాలేయ మధ్యభాగముననే నిలుచును. ద్వారసిరలోని రక్తము లోపలికి పారును గనుక అందులోని గాలి అంచులవరకు కొట్టుకొనిపోవును. మొదటిది పిత్తనాళమునకు లోగడ జరిగిన చికిత్సకు గుర్తుగా మాత్రమే యుండవచ్చును. రెండవది, ప్రేగుగోడలో సైతము గాలి కనబడినచో, ప్రేగు కుళ్లుచున్నదేమోయను భయంకరానుమానమును రేపును.

1971లో తొలిరోగిని పరీక్షించిన సి.టి. యంత్రము ఈ తావులను మరింత విశదముగా చూపుచున్న మాట నిజము. సి.టి. చిత్రములోని సాంద్రతను తెలుపు హౌన్స్‌ఫీల్డ్ కొలమానమున నీరు 0, గాలి −1000, కొవ్వు సుమారు −100. ఐనను తెరపై చిత్రమును చూపు మామూలు అమరికలో కొవ్వును గాలియు రెండును నల్లగానే తోచును. ఊపిరితిత్తులకు వాడు అమరికకు మార్చి చూచినగాని చిన్నబుడగ బయటపడదు. ఆ యంత్రము లేని ఊరి ఆసుపత్రికి అర్ధరాత్రి చేరిన రోగికి మాత్రము పాత ఫిల్మే దిక్కు. అందును గాలి కనబడనంతమాత్రమున ప్రేగు చిల్లిపడలేదనరాదు. ఫిల్ము నిర్మలముగా నున్నను, చేతిక్రింద కడుపు బిగిసియున్నచో, శస్త్రవైద్యుని పిలువవలసినదే.