పల్నాటి పరిశోధనకు పత్రాల చేరువ: గ్రంథాలయ సహకార వ్యవస్థలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
గ్రంథాలయాలు తమ వనరులను ఆన్‌లైన్ ద్వారా పరస్పరం పంచుకొనే ఏర్పాట్లు మన దేశంలో మూడు దశాబ్దాలకు పైగా విస్తరిస్తూ వచ్చాయి. వీటి సాఫల్యాన్ని సాధారణంగా అందుబాటులో ఉన్న పత్రికల సంఖ్యతో కొలుస్తున్నారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల చరిత్ర, సాహిత్యాలపై పనిచేసే పరిశోధకుని అవసరాలను ప్రమాణంగా తీసుకొని ఈ వ్యాసం ఆ కొలమానాన్ని పరీక్షిస్తుంది. చిన్న పట్టణాల కళాశాల గ్రంథాలయాలను గ్రహీతలుగానే నిలిపినంతకాలం సహకారం అసంపూర్ణమనీ, వాటి నిల్వలు ఉమ్మడి సూచిలో చేరడమే తొలి మెట్టనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పత్ర సరఫరా, ఉమ్మడి సూచి, ఇంటర్ లైబ్రరీ లోన్, ఇన్‌ఫ్లిబ్‌నెట్, పల్నాడు, ప్రాంతీయ పరిశోధన.

1. ఉపోద్ఘాతం:
ఏ గ్రంథాలయమూ స్వయంసమృద్ధం కాదు. ఒకచోట లేనిదాన్ని మరొకచోటి నుండి తెప్పించి పాఠకునికి అందించడమే గ్రంథాలయ సహకారానికి మూలసూత్రం. వ్యాసం, గ్రంథభాగం, సిద్ధాంత గ్రంథం, శాసనపాఠం మొదలైన వాటన్నిటికీ ఇక్కడ ‘పత్రం’ అనే మాట వర్తిస్తుంది.

ఈ సూత్రం ఆంధ్రదేశానికి కొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆవిర్భవించిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం చెల్లాచెదురుగా ఉన్న గ్రంథాలయాలను ఒక వేదిక మీదికి తెచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం కృషితో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై నడిచిన పడవ గ్రంథాలయం పుస్తకాన్నే పాఠకుని ఊరికి చేర్చింది. నాటి పడవ చేసిన పనిని నేడు సర్వర్లు చేస్తున్నాయి. అయితే ఏ పత్రాలు, ఎవరి దగ్గర నుండి, ఎవరికి చేరుతున్నాయన్న ప్రశ్న మిగిలే ఉంది.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా ఈ ప్రశ్నకు తగిన పరీక్షాస్థలం. పల్నాటిని గురించిన పరిశోధన సామగ్రి విస్తారమైనది. దానిలో అధికభాగం పల్నాటికి వెలుపల ఉంది.

2. వ్యవస్థల స్వరూపం:
1988లో న్యూఢిల్లీలోని ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్‌లో మొదలైన డెల్‌నెట్, సభ్య గ్రంథాలయాల ఉమ్మడి సూచి ఆధారంగా పుస్తకాలను అరువుగానూ వ్యాసాలను ప్రతులుగానూ అందిస్తోంది. 1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం కార్యక్రమంగా ప్రారంభమై, 1996లో స్వతంత్ర అంతర విశ్వవిద్యాలయ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఈ రంగానికి వెన్నెముకగా నిలిచింది. యూజీసీ-ఇన్‌ఫోనెట్ కన్సార్షియం కాలంలో అది 22 గ్రంథాలయాలను ఇంటర్ లైబ్రరీ లోన్ కేంద్రాలుగా నిర్దేశించింది. పరిశోధకుడు జేసీసీసీ అనే సూచిలో వ్యాసాన్ని వెతికి, అది ఏ గ్రంథాలయంలో ఉందో చూసి అభ్యర్థన పంపితే, అక్కడి సిబ్బంది ప్రతిని పంపేవారు.

2010లో మొదలైన ఎన్-లిస్ట్ కళాశాలలకు దారి తెరిచింది. స్వల్ప వార్షిక రుసుముతో 6,000కు పైగా పత్రికలు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు అధ్యాపకుని లాగిన్‌కు అందాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందించడానికి ఉద్దేశించింది.

ఈ క్రమంలో ఒక మౌలికమైన మార్పు కనిపిస్తుంది. తొలి నమూనాలో ఒక గ్రంథాలయం మరొక గ్రంథాలయాన్ని అడిగేది. తాజా నమూనాలో ప్రభుత్వం ప్రచురణకర్తకు చెల్లిస్తుంది, పాఠకుడు ప్రచురణకర్త వేదికలోకి ప్రవేశిస్తాడు. మొదటిది సహకారం, రెండవది ఉమ్మడి కొనుగోలు. రెండవదాని వల్ల భౌతిక, రసాయన శాస్త్రాల పరిశోధకులకు కలిగిన మేలు కాదనలేనిది. అయితే ప్రభుత్వ సంస్థలకే పరిమితమైన తొలి దశలో ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు వెలుపలే ఉన్నారు. అంతకంటే ముఖ్యంగా, ఎవరూ అమ్మని పత్రాన్ని ఉమ్మడి కొనుగోలు తెచ్చిపెట్టలేదు.

3. పల్నాటి పత్రాలు - మూడు నిదర్శనాలు:
మొదటిది నాగార్జునకొండ. మాచర్లకు చేరువలోని ఈ బౌద్ధక్షేత్రం 1926లో వెలుగు చూసింది. లాంగ్‌హర్స్ట్ నివేదిక 1938లో భారత పురావస్తు శాఖ 54వ మెమోయిర్‌గా వచ్చింది. ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాలను ఫోగెల్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 20వ సంపుటంలో పరిష్కరించాడు. 1954-60 మధ్య విస్తృతమైన తవ్వకాల తరువాత లోయ సాగర్ జలాశయంలో మునిగింది. కొన్ని కట్టడాలను మాత్రమే కొండ మీదికీ అనుపుకూ తరలించి పునర్నిర్మించారు. అంటే నేటి పరిశోధకునికి ఆ స్థలం మూలస్థితిలో లభించదు. నివేదికలోని పటాలు, ఛాయాచిత్రాలే అతనికి క్షేత్రం. ఇక్కడ పత్రం అందకపోవడమంటే క్షేత్రమే అందకపోవడం.

రెండవది వీరగాథ. శ్రీనాథునికి ఆపాదితమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించాడు. పాఠచర్చకు ఆ ముద్రణతో పాటు తరువాతి ముద్రణలను కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక ప్రతి ఒక ఊరిలో, మరొకటి మరో ఊరిలో ఉంటే, వాటిని ఒకచోట చూపగలిగేది సహకార వ్యవస్థ మాత్రమే.

మూడవది మౌఖిక సంప్రదాయం. వీరవిద్యావంతుడైన ఆలిశెట్టి గాలెయ్య గానం చేసిన కథను ఆధారం చేసుకొని జీన్ రోఘైర్ రచించిన ఆంగ్లగ్రంథం ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి వెలువడింది. పల్నాటి గొంతు నుండి వెలువడిన కథను పల్నాటి విద్యార్థి చదవాలంటే, నాలుగు దశాబ్దాల కిందటి విదేశీ ముద్రణను వెతుక్కోవలసి వస్తోంది. పాత మోనోగ్రాఫ్ కావడం వల్ల ఇది పత్రికల చందాతో లభించేది కాదు.

ఈ మూడు నిదర్శనాల్లో ఏదీ తాజా అంతర్జాతీయ పత్రికా వ్యాసం కాదు. వేల పత్రికల లెక్కకూ, పల్నాటిపై పనిచేసే పరిశోధకుని అవసరానికీ మధ్య ఉన్న దూరం ఇదే.

4. మూడు లోపాలు - సూచి, లిపి, హక్కు:
4.1 సూచి: ఉన్నదని తెలియనిదాన్ని ఎవరూ అడగలేరు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ఇండ్‌క్యాట్ ప్రధానంగా విశ్వవిద్యాలయాల నిల్వలను చూపుతుంది. కళాశాలల నిల్వలు చాలావరకు ఆ సూచికి వెలుపలే ఉన్నాయి. నరసరావుపేటలోని శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల 1950లో ప్రారంభమైంది. ఇంతటి వయసున్న కళాశాలల గ్రంథాలయాల్లో పాత ముద్రణలు, ఆగిపోయిన పత్రికల సంపుటాలు, స్థానిక ప్రచురణలు చేరి ఉండడం సహజం. అవి ఆ భవనంలోని ప్రవేశ పట్టికకే పరిమితమైతే, పక్క పట్టణపు పరిశోధకునికి కూడా లేనట్టే.

4.2 లిపి: డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. వాటి శీర్షికలను రోమన్ లిపిలో ఒక పద్ధతంటూ లేకుండా నమోదు చేయడం వల్ల ఒకే గ్రంథం పలు వర్ణక్రమాలతో కనిపిస్తుంది. దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అన్నది ఊహించి వెతకవలసి వస్తుంది. శోధ్‌గంగలోనూ ఇటువంటి చిక్కే ఉంది. 2009 నాటి యూజీసీ నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేశాయి. కానీ యూనికోడేతర అను ఫాంట్లలో రూపొందిన తెలుగు గ్రంథాలు తెరపై చదవడానికి అనువుగానే ఉన్నా, వాటిలో ‘కారెంపూడి’ అని వెతికితే ఫలితం శూన్యం. పత్రం చేరింది కానీ అందులోని విషయం చేరలేదు.

4.3 హక్కు: భారత కాపీరైటు చట్టం రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు రక్షణ ఇస్తుంది. పరిశోధన కోసం న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. విక్రయంలో లభించని పుస్తకానికి ప్రజా గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతుల వరకు తీసుకోవచ్చునని కూడా అదే సెక్షన్ చెబుతుంది. చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటును ఈ-పత్రికల లైసెన్సు ఒప్పందాలు తరచుగా కుదిస్తాయి. ముద్రిత సంపుటం గ్రంథాలయపు ఆస్తి, దానిని అరువివ్వవచ్చు. ఈ-పత్రిక కేవలం అనుమతి, ఒప్పందం ఒప్పుకున్న మేరకే ఇతరులతో పంచుకోవడం సాధ్యం.

5. గ్రహీత నుండి దాతగా:
చిన్న కళాశాలలకు ఇవ్వడానికి ఏముందన్న ఆక్షేపణ రావచ్చు. ఒక్క గ్రంథపాలకుడే అన్ని పనులూ చేసుకొనే చోట సూచీకరణ భారమవుతుందన్నది అంతకంటే బలమైన ఆక్షేపణ. రెండవదాన్ని తేలికగా కొట్టివేయలేము. అందుకే మొత్తం నిల్వలను ఒక్కసారిగా కంప్యూటరీకరించాలనే ఆదర్శం పనికిరాదు. విశ్వవిద్యాలయంలోనూ దొరికే పాఠ్యపుస్తకాన్ని వదిలి, వేరొకచోట అరుదైన తెలుగు ముద్రణలను, స్థానిక ప్రచురణలను, పాత పత్రికల సంపుటాలను మాత్రమే తొలుత తెలుగు లిపిలో, యూనికోడ్‌లో నమోదు చేయడం సాధ్యమైన పని. సోల్, కోహా, ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు ఇందుకు చాలు.

తరువాతి పని అడిగినప్పుడు అడిగిన భాగాన్ని స్కాన్ చేసి పంపడం. కాపీరైటు గడువు తీరిన ముద్రణలకు చట్టపరమైన అడ్డంకి లేదు. నాగార్జునకొండ మీద పనిచేసే హైదరాబాదు పరిశోధకునికి మాచర్ల నుండి ఒక స్థానిక ప్రచురణ వెళ్లిననాడు, గురజాల విద్యార్థి పంపే అభ్యర్థన యాచన కాక వినిమయం అవుతుంది.

6. ముగింపు:
ఇప్పటి ఆన్‌లైన్ వ్యవస్థలు ప్రపంచ విజ్ఞానాన్ని పల్నాటికి తెస్తున్నాయి. పల్నాటి విజ్ఞానాన్ని పల్నాటికి, అక్కడి నుండి ప్రపంచానికి చేర్చే దారి మాత్రం ఇంకా ఏర్పడవలసి ఉంది. చందా పత్రికల సంఖ్యను మాత్రమే చూసే మూల్యాంకనం ఈ లోటును గుర్తించలేదు. ఎన్ని అభ్యర్థనలు వచ్చాయి, ఎన్ని తీరాయి, ఎన్ని తీరలేదు, తీరనివి ఏ భాషవి, ఒక కళాశాల ఎన్ని పత్రాలను ఇతరులకు ఇచ్చింది అన్నవి కూడా లెక్కకు రావాలి. తీరని అభ్యర్థనల జాబితాయే ప్రాంతీయ పరిశోధనకు ఏమి కావాలో చెప్పే నిజమైన సూచి.