'కన్యాశుల్కం' పీఠికలోని లెక్క

'కన్యాశుల్కం' మీద ఇంకా రాయడానికేముందని అడిగేవారున్నారు. నాటకం మీద చాలానే వచ్చింది. ముందున్న ఇంగ్లీషు పీఠిక దగ్గర మాత్రం మనవాళ్ళు అంతగా ఆగినట్టు లేదు. గిరీశం మాటలు కంఠతా వచ్చినవాళ్ళు కూడా ఆ పేజీలు తిప్పేసి నాటకంలోకి వెళ్ళిపోతారు. నాకు అక్కడ కావలసింది ఒక లెక్క.

1897 నాటి మొదటి ముద్రణకు సుమారు పదేళ్ళ ముందు విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలకు జాబితా తయారు చేయించారు. (1936లో ఒరిస్సాలో కలిసిన జయపురం అప్పట్లో ఆ జిల్లాలోదే.) మూడేళ్ళలో నమోదైనవి 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవని గురజాడవారు అక్కడే రాశారు.

లెక్క తనంతట తాను ఏది తప్పో చెప్పదు. పసిపిల్లను అమ్మరాదన్న నమ్మకం ముందు మనలో ఉండాలి. కాని లెక్క లేకపోతే ఆ నమ్మకం వట్టి ఉపన్యాసంగా మిగులుతుంది. ఎక్కడో ఒకటీ అరా జరుగుతాయిలెమ్మని తప్పించుకోవచ్చు, శాస్త్రం ఏమంటోందని వాదించుకుంటూ కూర్చోవచ్చు. ఏడాది పిల్ల, 350 రూపాయలు అన్నాక ఆ వాదన అంత సుళువుగా సాగదు.

జాబితా సమగ్రం కాదనీ ఆయనే చెప్పారు. సొమ్ము పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకున్నామని ఒప్పుకోరు కదా! నాకు అన్నిటికంటె పెద్ద సాక్ష్యం ఇదే. దాచారంటే సిగ్గుపడ్డారు. సిగ్గుపడ్డారంటే తప్పని తెలుసు. మరి అలాంటివాళ్ళకు జాబితా చూపించి ఏం లాభం?

నాటకం ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. అగ్నిహోత్రావధానులకు తెలియనిదేముంది? లుబ్ధావధానులు ముసలివాడని తెలుసు. పెద్దకూతురు బుచ్చమ్మ విధవయి కళ్ళెదుటే తిరుగుతోంది. సుబ్బి గతి ఏమవుతుందో ఆ ఇంట్లో ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు. అదే బుచ్చమ్మను చూస్తున్న వెంకమ్మ నూతిలోకి దూకింది. ఆయన చూపు మాత్రం 1,800 రూపాయల మీదనుంచి కదల్లేదు. గిరీశం సంగతి సరేసరి. చిన్నపిల్లల పెళ్ళిళ్ళు లేకపోతే వితంతువులెక్కడినుంచి వస్తారు, వితంతు వివాహాలెలా జరుగుతాయి అన్న తర్కం వాడిదే. కూడికలో తప్పులేదు, మనిషిలోనే ఉంది.

అందుకే కాబోలు, జాబితాలోని అంకెలను గురజాడవారు ఏ పాత్ర నోటా పెట్టలేదు. తెలియనివాళ్ళకు పీఠిక, తెలిసీ చేసేవాళ్ళకు నాటకం. ఇది ప్రచారమే గాని కళ కాదని కొట్టిపారేసేవారు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

శుల్కం పోయింది, కట్నం ఉంది. 1961లో నిషేధ చట్టం వచ్చింది. 2022లో వరకట్న మరణాలుగా దేశంలో నమోదైనవే 6,400 పైచిలుకు. ఆ లెక్క ఏటా అచ్చవుతూనే ఉంది. మన పెళ్ళిమాటల్లో కట్నమన్న మాట పైకి రాదు, 'లాంఛనాలు' అంటారు. జాబితా రాయడానికి ఇప్పుడెవరైనా వస్తే వాళ్ళకూ అదే జవాబు దొరుకుతుంది.

బళ్ళారిలోనో బరంపురంలోనో మనవాళ్ళు ఈ నాటకం కుదించి వేస్తే గిరీశం, మధురవాణి మిగులుతారు, వెంకమ్మ నుయ్యి ఎగిరిపోతుంది. ఈసారి వేసేవారు నుయ్యి ఉంచాలి. కరపత్రం వెనకవైపు ఎలాగూ ఖాళీయే కనుక, పీఠికలోని ఆ వయసులూ వెలలూ అక్కడ అచ్చు వేయించమని కోరుతున్నాను.