జల్లెడ పట్టిన బురద

కాకినాడ దాపున, 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరంగి మడ అడవిని చూడవచ్చినవారు చెట్ల పచ్చదనమును, కొంగల బారులను, అదృష్టమున్నచో బావురుపిల్లిని చూచి సంతసింతురు గాని, ఆ యడవికి ఆధారమైన అకశేరుక ప్రపంచము పడవక్రింది బురదలోనే యున్నదని తలపరు. హోప్ ఐలాండ్ ఇసుకదిన్నె చాటునున్న అఖాతమునందును, గోదావరి తెచ్చిన ఒండ్రు పేరుకొన్న కాలువలయందును పీతలు, నత్తలు, గుల్లలు, పాలికీట్ పురుగులు కాపురముండును. రాలిన ఆకును పీత బొరియలోనికి లాగి చీల్చును. మిగిలిన తునకలపై సూక్ష్మజీవులు పెరుగగా, వానిని పురుగులు తినును. ఆ పురుగులు రొయ్యకును చేపకును ఆహారమగును. బొరియల దారినే ప్రాణవాయువు గంధకపు కంపు గొట్టు నల్లని లోపొరలకు చేరును.

ఇంతటి సంసారమును తెలిసికొనుటకు మాకు గల ముఖ్యసాధనము జల్లెడ. డచ్చి ఇంజనీరు వాన్ వీన్ 1933లో రూపొందించిన రెండు దవడల ఇనుపతొట్టితో అడుగుమట్టిని పైకి తీసి, అర మిల్లీమీటరు కన్నుల జల్లెడలో కడిగి, మిగిలినదానిని ఫార్మలిన్‌లో నిలువజేసి రోజ్ బెంగాల్ రంగు కలిపినచో, ఆకుతునకల నడుమ జీవదేహములు గులాబివన్నె దాల్చి కంటబడును. నీటిధార ఉద్ధృతమైనచో మెత్తని పురుగు ముక్కలగును; ముక్కలలో తల యున్నదానినే యొక జీవిగా లెక్కింపవలెనని నియమము. కావున చేతిలోని తొందర లెక్కలో అసత్యమై తేలును. ఈ విద్య నాకు నేర్పిన మొదటి నీతి యిదియే.

రెండవది, సమృద్ధిని చూచి మోసపోరాదనుట. కుళ్లు మితిమీరి ప్రాణవాయువు క్షీణించినచోట సుకుమార జాతులు తొలగిపోయి, క్యాపిటెల్లా వంటి ఓర్చుకొను పురుగులు తామరతంపరగా పెరుగును. అప్పుడు జల్లెడ నిండియే యుండును గాని జాతులు కొన్నియే యుండును. ఎన్నియని గాక, ఎవరెవరని యడిగినవానికే బురద తన యనారోగ్యమును చెప్పును.

ఆకాశమునుండి తీసిన చిత్రములతో మడ అడవి వైశాల్యమును నేడు కొలుచుచున్నారు, అది యవసరమే. కాని పైని పచ్చగా నున్న అడవి అడుగున సంసారము చితికిపోవుచుండవచ్చును. దానిని ఏ చిత్రమును చూపజాలదు. మొక్క నాటించు ప్రతి ప్రయత్నమునందును ఏటేట అడుగుమట్టిని పరీక్షించు బాధ్యతను చేర్చవలెననియు, మన కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులకు పుస్తకముతోపాటు జల్లెడను చేతికీయవలెననియు నేను మనసార కోరుచున్నాను.