మోసేవాడు, చూపేవాడు: ‘ది స్నో లెపర్డ్’ యాత్రాకథనంలో మార్గదర్శి స్థానం

ఉపోద్ఘాతం

యాత్రాచరిత్రను మనం సాధారణంగా ఒక వ్యక్తి అనుభవంగా చదువుతాం. అయితే దూరప్రయాణం ఒక్కరి వల్ల సాగడం అరుదు. 1830-31లో ఏనుగుల వీరాస్వామి సాగించిన కాశీయాత్ర పెద్ద పరివారంతో, బోయీలు మోసిన పల్లకీలో సాగిన యాత్ర. రచనలో మాత్రం వినిపించేది ఒకే కంఠం. నడిచినవారు అనేకులు, చెప్పినవాడు ఒక్కడు అయినప్పుడు తక్కినవారి శ్రమ, జ్ఞానం కథనంలో ఏ రూపంలో మిగులుతాయి? అమెరికన్ రచయిత పీటర్ మాథీసన్ 1978లో ప్రచురించిన ‘ది స్నో లెపర్డ్’ గ్రంథం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ గ్రంథాన్ని తెలుగులో చెప్పబూనినప్పుడు మన వ్యాకరణమే కొన్ని ప్రశ్నలను లేవనెత్తుతుంది. ఆ ప్రశ్నలే ఇక్కడ విమర్శకు పరికరాలు.

యాత్ర, దాని నేపథ్యం

నేపాల్‌లో ధవళగిరి పర్వతశ్రేణి రుతుపవన మేఘాలను దక్షిణాననే అడ్డగిస్తుంది. దానికి ఉత్తరాన, టిబెట్ సరిహద్దు వరకు వ్యాపించిన ఇన్నర్ డోల్పో ప్రాంతం వర్షచ్ఛాయలో మిగిలిపోయిన చలి ఎడారి. చెట్టు అరుదు, ఊళ్లు దూరదూరం, కనుమలు మంచుతో మూసుకుపోయేవి. అటువంటి చోట వారాల తరబడి నడవాలంటే తిండి, గుడారం, వంటసామగ్రి మనుషుల వీపులమీదనో పశువుల వీపులమీదనో సాగవలసిందే.

1973 సెప్టెంబర్ చివరలో పోఖరా నుండి ఈ యాత్ర మొదలైంది. జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ ఉద్దేశం స్పష్టమైనది. భరల్ అనే నీలి గొర్రె నిజానికి గొర్రె జాతికి చెందినదా, మేక జాతికి చెందినదా అన్న వివాదాన్ని, జతకట్టే కాలంలో వాటి ప్రవర్తనను గమనించి తేల్చాలని ఆయన సంకల్పం. షే మఠపు లామా వేటను నిషేధించినందున ఆ పరిసరాల్లో భరల్‌లు నిర్భయంగా తిరిగేవి. మాథీసన్ ఉద్దేశం వేరు. ఆయన జెన్ సాధకుడు. భార్య క్యాన్సర్‌తో మరణించి రెండేళ్లు కాలేదు. ఎనిమిదేళ్ల కుమారుని ఇంటివద్ద వదిలి వచ్చాడు. స్ఫటిక పర్వతం చెంతనున్న షే మఠాన్ని, సాధ్యమైతే మంచుచిరుతను చూడాలన్నది ఆయన ఆకాంక్ష. చిరుత ఆయనకు కనిపించలేదు. ఆ కనిపించకపోవడాన్నే ఉపదేశంగా స్వీకరించడం గ్రంథానికి తాత్త్విక కేంద్రమని విమర్శకులు తరచు చెబుతారు. ఆ వ్యాఖ్యానం సరైనదే కాని సంపూర్ణం కాదు.

ఇద్దరు, పద్దెనిమిది మంది

గ్రంథారంభంలోనే రచయిత బృందాన్ని లెక్కపెట్టి చూపుతాడు: ఇద్దరు తెల్ల సాహెబులు, నలుగురు షెర్పాలు, పద్నాలుగురు మోతకూలీలు. ఈ నిజాయతీని గుర్తించాలి. ఇద్దరి నడక వెనుక పద్దెనిమిది మంది ఉన్నారన్న సంగతిని ఆయన దాచలేదు. కాని ఆ యాత్ర గురించి మనకు అందిన రెండు ప్రసిద్ధ గ్రంథాలు, అంటే ఇదీ, షాలర్ 1980లో వెలువరించిన ‘స్టోన్స్ ఆఫ్ సైలెన్స్’, ఆ ఇద్దరివే.

తేదీలవారీ దినచర్య ఈ గ్రంథానికి రూపం. దినచర్యకు కర్త ఒక్కడే కనుక, రచయిత ఎక్కడ ఉంటే కథనం అక్కడే ఉంటుంది. ఇంగ్లీషు దినచర్యలో ‘మేము’ అనే కర్త చేరిస్తే పని ఎవరిదో చెప్పనక్కరలేకుండానే వాక్యం పూర్తవుతుంది. తెలుగులో ఆ వెసులుబాటు తక్కువ. ‘గుడారం వేశాం’ అనాలా, ‘గుడారం వేయించాం’ అనాలా? ‘టీ కాచుకున్నాం’ అనాలా, ‘కాచి ఇచ్చారు’ అనాలా? ఇల్లు కట్టడానికి, కట్టించడానికి మధ్య భేదాన్ని ప్రేరణార్థక క్రియ ద్వారా నిత్యం పాటించే భాష మనది. ఈ గ్రంథాన్ని తెలుగు చేయబూనిన వ్యక్తి ప్రతి విడిదివద్దా ఈ భేదాన్ని తేల్చుకోక తప్పదు. మూలంలో చదువరి గమనించకుండా దాటిపోగల శ్రమవిభజన తెలుగు వాక్యంలో క్రియాంతంలోనే బయటపడుతుంది.

దినచర్య రూపపు పరిమితి ఉత్తరాల ఘట్టంలో మరింత స్పష్టమవుతుంది. తుక్తెన్ అనే సహచరుడు కొండలు దాటి వెళ్లి ఉత్తరాలతో షేకు తిరిగి వస్తాడు. మాథీసన్ వాటిని విప్పడు. మంచి వార్త అయినా చెడ్డ వార్త అయినా, ఇక్కడినుండి చేయగలిగింది ఏమీ లేదు కనుక వర్తమాన క్షణంలో నిలవడమే మేలని భావిస్తాడు. వైరాగ్య సాధనగా ఇది గంభీరమైన ఘట్టం. కాని ఆ వైరాగ్యానికి వస్తువైన కాగితాలు ఒక మనిషి కాళ్లమీద అక్కడికి చేరాయి. విప్పకపోవడం ఎంత పెద్ద త్యాగమో కథనం చెబుతుంది. తేవడం ఎంత పెద్ద ప్రయాణమో చెప్పడానికి కథకుడు ఆ దారిలో లేడు.

సర్వనామ సమస్య

షే మఠపు లామాను యాత్రికులు మొదట గుర్తించలేదు. మేకచర్మాన్ని పదును చేస్తూ కూర్చున్న, కాళ్లు చచ్చుబడిన ఒక సాధారణ భిక్షువుగానే ఆయన కనిపించాడు. లామా ఆయనేనని తరువాత తెలిసింది. ఈ ఘట్టాన్ని తెలుగులో చెప్పేటప్పుడు చిక్కు మొదలవుతుంది. ‘ఆయన’ అని మొదలుపెడితే రహస్యం ముందే బయటపడుతుంది. ‘అతడు’ అని మొదలుపెట్టి, తెలిసిన క్షణంలో ‘ఆయన’కు మారితే, గౌరవం మనిషికి కాక పదవికి అన్న సంగతి ఒప్పుకున్నట్లవుతుంది. ఇంగ్లీషు సర్వనామం ఈ ఇరకాటాన్ని ఎదుర్కోనక్కరలేదు. చేతిపని చేస్తున్నవానిలో గురువును చూడలేకపోవడమే ఈ ఘట్టపు సారం. ఒంటరితనం గురించి అడిగినప్పుడు, తాను ఇక్కడ ఆనందంగా ఉన్నానని, వేరే దారి లేదు కనుక మరీ ఆనందమని లామా నవ్వుతూ చెప్పిన సమాధానం ప్రసిద్ధం. ఆ సమాధానం రచయితకు అందింది జాంగ్-బు అనే షెర్పా అనువాదం ద్వారా. గ్రంథంలో అత్యధికంగా స్మరించబడే ఉపదేశానికి వాహకుడు కూడా జీతానికి వచ్చిన సహచరుడే.

తుక్తెన్ విషయంలో ఈ సమస్య గ్రంథం పొడవునా సాగుతుంది. అతడు మోతకూలీగా బృందంలో చేరాడు. తాగుబోతన్న అపకీర్తి ఉంది. తోటి షెర్పాలు పూర్తిగా నమ్మరు. తెలుగు కథకుడు మొదట ‘వాడు’ అన్నా పెద్దగా తప్పుపట్టరేమో. రచయితకు అతని చూపులో మొదటినుండీ ఏదో ఆకర్షణ తోస్తుంది. తిరుగు ప్రయాణంలో అతడే ఆసరా అవుతాడు. చివరికి, తాను వెదికిన గురువు ఇతడేనేమోనన్న స్ఫురణ కలుగుతుంది. మరి ‘వాడు’ ఏ పుటలో ‘అతడు’ కావాలి, ఏ పుటలో ‘ఆయన’ కావాలి? అనువాదకుడు ఎంచుకునే ఆ పుట గ్రంథంపై అతని తీర్పు అవుతుంది. ‘ఆయన’ను చివరిదాకా వాయిదా వేస్తే గౌరవం యాత్రికుని జ్ఞానోదయానికి బహుమతిగా మారుతుంది. మొదటినుండీ ‘ఆయన’ అంటే యాత్రికుని అంధత్వం మరుగున పడుతుంది. ‘అతడు’ అనే మధ్యమ రూపాన్ని ఆద్యంతం నిలిపి, మార్పును కథకుని చూపులో మాత్రమే కనబరచడం ఉచితమని నా అభిప్రాయం. మారింది తుక్తెన్ కాదు, చూసినవాని దృష్టి.

బౌద్ధనాథ్ వద్ద

కాఠ్‌మాండూ సమీపాన బౌద్ధనాథ్ స్తూపం వద్ద కలుసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. రచయిత వెళ్లాడు. తుక్తెన్ అక్కడ లేడు. ఈ ముగింపును మంచుచిరుత అదర్శనంతో జోడించి, గురువు కూడా పట్టుబడకుండా తప్పుకోవడమే అంతిమ పాఠమని చదవడం సులభం. రచన కూడా ఆ దిశకే మొగ్గుతుంది. అయితే చిరుత, మనిషి సమానమైన ప్రతీకలు కాలేవు. చిరుతకు రాకపోవడానికి కారణం అక్కరలేదు, మనిషికి ఉంటుంది. ఆ కారణాన్ని గ్రంథం చెప్పదు, మనం కల్పించరాదు. కాని ఒక విషయం గ్రంథపు నిర్మాణం నుండే తేలుతుంది. అంతవరకు తుక్తెన్ అడుగులన్నీ ఇతరులు నిర్ణయించిన దారిలో, ఇతరుల బరువుతో పడ్డాయి. ఒప్పందం ముగిసిన తరువాత పడిన అడుగు మాత్రమే అతని సొంతం. దినచర్యకు అందని చోటికి అతడు మొదటిసారి తన పనిమీద తాను వెళ్లాడు. ఆ గైరుహాజరీని ఉపదేశంగా మాత్రమే చదివితే, ఆ చివరి అడుగును కూడా యాత్రికుని ప్రయోజనానికే వినియోగించినట్లవుతుంది.

ముగింపు

మాథీసన్ తన కోపాన్ని, అసహనాన్ని, స్వార్థాన్ని దాచుకోని రచయిత. ఈ పరిశీలన ఆయన గ్రంథపు విలువను తగ్గించడానికి కాదు. పాపభీతితో తనను తాను పరీక్షించుకున్న రచయిత సైతం దినచర్య రూపాన్ని దాటలేకపోయాడని చూపడానికి మాత్రమే. ఈనాడు డోల్పో ఎగువ ప్రాంతానికి విదేశీయులు ప్రత్యేక అనుమతితో, మార్గదర్శి వెంట మాత్రమే వెళ్లగలరు. హిమాలయ పాదయాత్రలకు వెళ్లి వచ్చిన అనుభవాలు తెలుగులోనూ వెలువడుతున్నాయి. వాటిని పరిశీలించేటప్పుడు వర్ణనల సొగసుతోపాటు మూడు చిన్న విషయాలను గమనించవలసి ఉంది: క్రియ ప్రేరణార్థకమా కాదా, వంటచేసినవానికి, బరువు మోసినవానికి వాడిన సర్వనామం ఏది, కథకుడు లేని చోట నడిచినవారి దారికి ఎన్ని వాక్యాలు దక్కాయి. దారి చూపినవానిని మార్గదర్శి అంటాం, జ్ఞానమిచ్చినవానిని కూడా మార్గదర్శి అనే అంటాం. ఒకే మాటలో మన భాష కలిపి ఉంచిన ఈ ఇద్దరినీ మన యాత్రాకథనాలు విడదీస్తున్నాయా అన్నది విమర్శ తేల్చవలసిన విషయం.