తప్పిన అడుగుల లెక్క: ఇంటి సీఎన్‌సీలో స్టెప్పర్ డ్రైవర్ల మరమ్మతు

అంకెల ఆదేశాలను అనుసరించి లోహాన్ని కోసే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీ 1952లో ప్రదర్శించినప్పుడు దాన్ని నడపడానికి వందలాది వాక్యూమ్ ట్యూబులు, రిలేలు కావలసి వచ్చాయి. ఆ పనిని ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఆర్డుయినో బోర్డు, 2009లో వెలువడిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కలిసి చేస్తున్నాయి. 1943లో మొదలైన ప్రాగా టూల్స్, 1968లో బాలానగర్‌లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థల వల్ల హైదరాబాద్‌కు యంత్ర పరికరాల విద్య కొత్తది కాదు. ఆ విద్య కార్ఖానా గడప దాటి ఇంటి గదిలోకి వచ్చిన రూపమే సొంతంగా కట్టుకునే సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే కోత యంత్రం. మీర్‌పేట్‌లో టీకేఆర్, నాదర్‌గుల్‌లో ఎంవీఎస్‌ఆర్ వంటి ఇంజనీరింగ్ కళాశాలలున్న నగర ఆగ్నేయ శివారులో అలాంటి యంత్రం కట్టేవారికి విడిభాగాల అంగడి కూడా దూరం కాదు: ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ దగ్గరే. భాగాలు దొరకడం సులభమే గానీ, యంత్రం మొరాయించినప్పుడు ఏ భాగంలో దోషముందో తేల్చడమే అసలైన విద్య.

ఈ యంత్రాన్ని కదిలించే స్టెప్పర్ మోటార్ మామూలు మోటార్‌లా ఏకధాటిగా తిరగదు. డ్రైవర్ అనే సర్క్యూట్ తనకందిన ప్రతి పల్సుకూ రెండు కాయిళ్లలోని కరెంటును మారుస్తుంటే ఒక్కో అడుగు వేస్తుంది. సాధారణ మోటార్‌లో అడుగు 1.8 డిగ్రీలు, అంటే చుట్టుకు 200 అడుగులు. ఒక్కో అడుగును 16 భాగాలు చేసే మైక్రోస్టెప్పింగ్ పెడితే చుట్టుకు 3200 పల్సులు అవసరమవుతాయి గనుక, చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ మీద మిల్లీమీటరుకు 640 పల్సులు లెక్కకొస్తాయి. అయితే మోటార్ నిజంగా కదిలిందో లేదో బోర్డుకు తెలియదు. పల్సు పంపాక అడుగు పడిందనే అనుకుంటుంది. ఇంటి యంత్రాల్లోని చిక్కులు చాలావరకు ఈ గుడ్డి నమ్మకం నుంచే పుడతాయి.

మోటార్ తిరగకుండా వణుకుతూ మూలుగుతుంటే ముందుగా చూడవలసింది తీగలను. విద్యుత్తు ఆపి, నాలుగు తీగలనూ డ్రైవర్ నుంచి విప్పి, ఏవైనా రెండింటి కొసలు కలిపి ఇరుసును వేళ్లతో తిప్పాలి. అది బిగుసుకుని గతుకుగతుకుగా తిరిగితే ఆ రెండూ ఒకే కాయిల్‌వి, తేలిగ్గా తిరిగితే వేర్వేరు కాయిళ్లవి. తీగలు సరిగ్గానే ఉంటే ఎక్స్, వై అక్షాల డ్రైవర్లను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూడాలి: దోషం డ్రైవర్ వెంట వెళితే డ్రైవర్‌దే తప్పు, ఉన్నచోటే ఉంటే తప్పు మోటార్‌లోనో తీగలోనో ఉంది. విద్యుత్తు ఉండగా మోటార్ తీగ విప్పితే కాయిల్‌లో పుట్టే వోల్టేజీ డ్రైవర్‌ను కాల్చివేయగలదు కాబట్టి, ఈ పరీక్షలన్నీ పవర్ ఆపాకే చేయాలి.

తరువాతిది కరెంటు అమరిక. డీఆర్‌వీ8825 అనే డ్రైవర్ బోర్డుల్లో సాధారణంగా ఉండే 0.1 ఓమ్ నిరోధకానికి, రిఫరెన్స్ వోల్టేజీకి రెట్టింపు అంకె మోటార్‌కు అందే గరిష్ఠ కరెంటు అవుతుంది. 1.2 ఆంపియర్లు కావాలంటే బోర్డు మీది చిన్న మరను తిప్పుతూ మల్టీమీటరులో 0.6 వోల్టులు రాబట్టాలి. కరెంటు తగ్గితే మోటార్ బలం చాలక అడుగులు తప్పుతాయి. మరీ పెరిగితే డ్రైవర్ వేడెక్కి తనంతట తాను ఆగి, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది గనుక పని మధ్యలో కదలిక తెగిపోతుంది.

అన్నిటికన్నా విలువైన ఆధారం కొలతలోని తప్పే. వంద మిల్లీమీటర్లు జరగమంటే యాభై మాత్రమే జరిగి, ఇరవై జరగమంటే పది జరిగితే అది నిష్పత్తిలోని దోషం: సాఫ్ట్‌వేర్ 16 భాగాలనుకుంటుండగా డ్రైవర్ స్విచ్చులు 32 మీద ఉన్నాయన్నమాట. దూరమెంతైనా దిశ మారిన ప్రతిసారీ ఒకే కొలత పోతుంటే అది నట్టులోనో కప్లింగులోనో ఉన్న వదులు. దానికి ఎలక్ట్రానిక్స్‌తో సంబంధం లేదు. తప్పు ఒక్కో పనిలో ఒక్కోలా ఉండి, 5 మిల్లీమీటర్ల స్క్రూ మీద 0.1 మిల్లీమీటరు గుణిజాల్లో కనిపిస్తే మోటార్‌లో తిరిగే భాగమైన రోటర్ బలం చాలక జారిందని అర్థం, ఎందుకంటే జారిన రోటర్ మళ్లీ పట్టు దొరికించుకునేది నాలుగు నిండు అడుగుల అంచెల్లోనే. అలాంటప్పుడు త్వరణాన్ని, వేగాన్ని తగ్గించాలి. దిశ మారిన ప్రతిసారీ అతి స్వల్పంగా ఒకే వైపు జరుగుతూ ఆ తేడా పేరుకుపోతుంటే, దిశ సంకేతం స్థిరపడకముందే పల్సు వస్తోందని అనుమానించాలి. కోత పనిముట్టును తిప్పే స్పిండిల్‌ను ఆన్ చేసినప్పుడే తప్పులు వస్తే కారణం విద్యుత్ రొద: సిగ్నల్ తీగలను స్పిండిల్ కేబుల్‌కు దూరంగా నడిపి, వాటి షీల్డ్‌ను ఒక కొసనే ఎర్తింగుకు కలపాలి.

ఈ మరమ్మతు విద్య విలువ అది ఆదా చేసే డబ్బుతో తీరిపోదు. కంపెనీ యంత్రం మూతపెట్టిన పెట్టెలో దాచే సంగతులన్నిటినీ ఇంటి సీఎన్‌సీ చేతికి అందిస్తుంది. విద్యుత్తు, యాంత్రిక శాస్త్రం, సాఫ్ట్‌వేర్ మూడూ ఒకే దోషంలో కలిసి కనిపించే పాఠం తరగతి గదిలో అరుదు. అందుకే ఈ పనిలోకి దిగేవారు కొత్త డ్రైవర్ కొనే ముందు ఒక మంచి మల్టీమీటరు, ఒక డయల్ గేజి కొనాలి. కొలవకుండా భాగాలు మార్చడం మరమ్మతు అనిపించుకోదు.