ఆ ‘కూడా’ దగ్గర

పడుగు అయిపోవచ్చిందంటే మా అమ్మ మగ్గం దగ్గరికి చేరేది. పాత పడుగు కొసలూ కొత్త పడుగు కొసలూ ఎదురెదురుగా పెట్టుకుని, వేళ్ళకి ఇంత బూడిద అద్దుకుని, పోగుకి పోగు మెలేసేది. అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. సాయంత్రానికి నడుం పట్టేసేది. అతుకు కనపడకపోవడమే ఆ పనికి మెచ్చుకోలు. వేటపాలెంలో చీర మాత్రం నాన్న నేసినట్టే లెక్క.

మొన్న మా సారస్వత నికేతనంలో దామెర్ల రామారావు గురించి చదువుతుంటే అమ్మ చేతులు గుర్తొచ్చాయి. 1918 నుంచీ ఊళ్ళో ఉన్న గ్రంథాలయం అది. కదిలిస్తే ఏదో ఒకటి మీద పడుతుంది.

రామారావు రాజమండ్రి కుర్రాడు. కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అతని బొమ్మలేసే నేర్పు కనిపెట్టి బొంబాయి జె.జె. స్కూలుకి పంపాడు. తిరిగొచ్చి సొంతూళ్ళో చిత్రకళాశాల పెట్టాడు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వేసిన చెయ్యి అది. 1925 ఫిబ్రవరి 6న మశూచి తీసుకుపోయింది. 28 నిండడానికి ఇంకో నెల ఉంది.

ఆ ఇంట్లో కుంచె పట్టిన ఆడవాళ్ళు ఇద్దరు: భార్య సత్యవాణి, తోబుట్టువు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ. ఒకరికి భర్త పోయాడు, ఒకరికి తోడబుట్టినవాడు. ఇద్దరికీ పోయింది తోటి చిత్రకారుడే. భర్త పోయిన మనిషి కట్టుకునే బట్టలో రంగు ఉండనివ్వని ఇళ్ళు ఎన్నో ఉన్న కాలం అది. అప్పుడు రంగుల గిన్నెల మధ్య మిగిలింది సత్యవాణి.

రామారావు బొమ్మలు చెల్లాచెదురు కాలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం చిత్రకళాశాల బాధ్యత ఎత్తుకున్నారు. రాజమండ్రిలో ఇవాళ రామారావు పేరిట గ్యాలరీ ఉంది. పేరు ఆయనదే కావాలి, న్యాయమే. కానీ సత్యవాణి గురించి మనం ఎప్పుడు చెప్పినా వాక్యం ఒకటే: రామారావు గారి భార్య, ఆవిడ కూడా బొమ్మలు వేసేవారు.

అచ్చు అతికిన చోటు కంటికి దొరకదు. పోగుల మీద వేలు నడిపిస్తే మాత్రం సన్నగా గరుకు తగులుతుంది. చిన్నప్పుడు అమ్మ చూడకుండా ఎన్నిసార్లు తడిమానో. ఆ రోజు గ్రంథాలయంలో ఆ ‘కూడా’ దగ్గర నా వేలు అలాగే ఆగిపోయింది.