నిప్పు ఎవరిది, పొగ ఎవరిది?

ఎండాకాలం రాగానే పత్రికల ఆడవాళ్ల పేజీల్లో మామిడికాయ పప్పు, చింతచిగురు, ముంజలు వరుస కడతాయి. వాటి సరసన బార్బెక్యూ కూడా చేరింది. వాటిని చదివినప్పుడల్లా నాకు విమల ‘వంటిల్లు’ కవిత గుర్తొస్తుంది. చిన్ననాటి రుచుల సంబరంతో మొదలైన ఆ కవిత, గిన్నెల మీద నాన్న పేరే ఉందని చూపించి, చివరికి వంటిళ్లను కూల్చేద్దామంటుంది. ఆ కోపం రుచి మీద కాదు, దాని వెనకున్న చాకిరీ మీద.

మా చిట్యాల వైపు చింతచిగురు ఏరి నలిపేది ఆడవాళ్లే. జొన్న అంబలి కాచేదీ, మామిడికాయలు కోసి తొక్కు పెట్టేదీ వాళ్లే. అదే నిప్పుల మీద మాంసం కాల్చే పని వాకిట్లోకి వచ్చిందంటే మగవాళ్ల వేడుకైపోతుంది. మసాలా నూరిందెవరో, తర్వాత బోళ్లు తోమేదెవరో ఎవరూ అడగరు.

అయితే ‘వంటిల్లు’ను కూడా ఒక మాట అడగాలి. కూలి నుంచి వచ్చి మూడు రాళ్ల పొయ్యి మీద ఆరుబయట వండుకునే ఆమెకు కూల్చడానికి గోడలేవి? గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చాక ఈ ప్రశ్నను దాటిపోలేం. ఆమెకు వంటిల్లు చెర కాదు, ఇంకా దక్కని నీడ.

వంటను ఆనందించడం తప్పు కాదు. చింతచిగురు పులుపు నాకూ ఇష్టమే. ఆ ఆనందం అందరిదీ కావాలంటే నిప్పు రాజేసిన చేతులే బోళ్లూ తోమాలి. వంటల పేజీలు ఉప్పుకారాల కొలతతో పాటు ఆ కొలత కూడా రాయాలి.